పెద్దపేగులో ఉప్పుకు కాపలా

పెద్దపేగు అనగానే మలం నిల్వ ఉండే సంచి అని చాలామంది అనుకుంటారు. నిజానికి చిన్నపేగు నుంచి రోజుకు సుమారు ఒకటిన్నర లీటర్ల ఉప్పునీరు అందులోకి వస్తుంది. మలంతో బయటికి పోయే నీరు మాత్రం 100-200 మిల్లీలీటర్లే. సోడియం దాదాపు అంతా రక్తంలోకి తిరిగి చేరుతుంది. జబ్బు వల్ల పెద్దపేగును తొలగించినవారికి ఈ పొదుపు ఉండదు. వారు రోజూ ఉప్పునూ నీటినీ నష్టపోతూనే ఉంటారు. మరి ఈ పొదుపును అదుపుచేసేది ఏది?

జవాబు పేగుకు దూరంగా, మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథుల్లో దొరికింది. 1855లో లండన్ వైద్యుడు థామస్ ఆడిసన్ ఒక వింత జబ్బును వర్ణించాడు. రోగి నానాటికీ నీరసించిపోతాడు, చర్మం నల్లబడుతుంది, చివరికి మరణిస్తాడు. శవపరీక్షల్లో ఈ గ్రంథులు పాడైపోయి కనిపించాయి. ఇటువంటి రోగుల రక్తంలో సోడియం తగ్గిపోతుందనీ, ఉప్పు ఎక్కువగా ఇస్తే కొంత తేరుకుంటారనీ 1930లలో తేలింది. అంటే శరీరంలో ఉప్పును నిలిపే పదార్థమేదో ఆ గ్రంథుల్లో తయారవుతూ ఉండాలి.

1953లో లండన్‌లోని సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్, బాసెల్‌లోని టాడియస్ రైక్‌స్టైన్ తదితరులతో కలిసి దాన్ని స్ఫటికాల రూపంలో వేరుచేశారు. నిర్మాణం తేల్చడానికి 500 కిలోల పశువుల గ్రంథులను వడగడితే చేతికొచ్చింది 21 మిల్లీగ్రాములు! అణువులో ఆల్డిహైడ్ సమూహం ఉన్నట్లు 1954లో తెలిశాక దానికి ఆల్డోస్టెరోన్ అనే పేరు స్థిరపడింది.

అందరి దృష్టీ మూత్రపిండం మీదే ఉన్న రోజులవి. అయితే 1965లో లెవిటన్, ఇంగెల్‌ఫింగర్ అనే పరిశోధకులు ఆరోగ్యవంతులకు ఆల్డోస్టెరోన్ ఎక్కించి చూడగా, వారి పెద్దపేగు సోడియాన్నీ నీటినీ మరింతగా పీల్చుకుంది. ఈ ఫలితం వెంటనే కాక, కొన్ని గంటల తరవాత కనిపించడంలో విశేషముంది. హార్మోను కణంలోకి వెళ్ళి గ్రాహకంతో కలిసి, కేంద్రకంలోని జన్యువులను పనిలో పెడుతుంది. ఆ తరవాతే కొత్త ప్రోటీన్లు తయారవుతాయి. పేగు కుహరం వైపు తెరుచుకునే ద్వారాల గుండా సోడియం కణంలోకి వస్తుంది. రక్తం వైపున్న పంపు దాన్ని బయటికి తోసి, బదులుగా పొటాషియాన్ని లోనికి లాగుతుంది.

ఇంతకీ ఆ ద్వారం ఏమిటి? మూత్రపిండంలో అవి ఉన్న కణాలు తక్కువ కనుక వెతకడం కష్టం. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో సిసీలియా కనెస్సా, బెర్నార్డ్ రోసియర్‌ల బృందం ఎలుకలకు ఉప్పు తగ్గించిన మేత పెట్టింది. ఆల్డోస్టెరోన్ పెరిగి, పెద్దపేగు చివరి భాగంలో ద్వారాలు విరివిగా తయారయ్యాయి. అక్కడి ఆర్‌ఎన్‌ఏను కప్ప అండకణాల్లోకి ఎక్కిస్తే, వాటి గుండా సోడియం ప్రవహించింది. అమిలోరైడ్ మందు వేస్తే ఆగిపోయింది. అలా 1993లో మొదటి జన్యువు పట్టుబడింది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో మరో బృందం కూడా ఎలుక పెద్దపేగు నుంచే దాన్ని సాధించింది. మలం సంచి అనుకున్న అవయవం మూత్రపిండం దాచుకున్న గుట్టును బయటపెట్టిందన్నమాట!

ద్వారంలో మూడు ఉపప్రమాణాలున్నట్లు 1994లో తెలిసింది. వాటిలో ఒకదాని జన్యువు దెబ్బతింటే ద్వారాలు మూతపడవలసినంతగా మూతపడవు. ఆల్డోస్టెరోన్ తక్కువగానే ఉన్నా శరీరం ఉప్పును వదలదు. చిన్న వయసులోనే అధిక రక్తపోటు తెచ్చే లిడిల్ వ్యాధికి కారణం ఇదేనని ఆ ఏడాదే బయటపడింది. అమిలోరైడ్ ఆ రోగులకు ఇప్పటికీ పనిచేస్తోంది.