మన ఇంటి ప్లాను ఏ ఫైల్లో ఉంది?

సోంపేటలో ఇల్లు తలపెట్టినవాళ్లు కాశీబుగ్గలోనో టెక్కలిలోనో ప్లాను గీయిస్తే, చాలాసార్లు చేతికొచ్చేది ఒక ప్రింటు, వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్. అసలు బొమ్మ గీసినవారి కంప్యూటర్లోనే ఉండిపోతుంది. ఆ ఫైలు పేరు చివర సాధారణంగా డీడబ్ల్యూజీ అని ఉంటుంది.

దాని పుట్టుక 1970ల చివర్లో. మైక్ రిడిల్ అనే అమెరికన్ ఇంటరాక్ట్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాం రాశాడు. 1982లో జాన్ వాకర్ మిత్రులతో కలిసి ఆటోడెస్క్ కంపెనీ పెట్టాడు. ఇంటరాక్ట్‌ను ఆధారం చేసుకుని ఆ ఏడాదే ఆటోక్యాడ్ తెచ్చారు. డీడబ్ల్యూజీ లోపలి అమరికను మాత్రం కంపెనీ బయటపెట్టలేదు. వేరే ప్రోగ్రాములతో ఇచ్చిపుచ్చుకోవడానికి డీఎక్స్ఎఫ్ అనే రెండో రూపం ఇచ్చి, దాని వివరాలు ప్రచురించింది.

డీడబ్ల్యూజీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. అంతా అర్థంకాని గుర్తులే. కానీ మొదటి ఆరు అక్షరాలు చదవొచ్చు. ఏసీ1015 ఉంటే ఆటోక్యాడ్ 2000 నాటి రూపం, ఏసీ1018 ఉంటే 2004, ఏసీ1032 ఉంటే 2018. కొత్త రూపంలో దాచినది పాత ఆటోక్యాడ్‌లో తెరుచుకోదు. ఫైలు పాడైందని కంగారుపడేది తరచూ ఇందుకే. పాత రూపంలో మళ్లీ సేవ్ చేయించుకుంటే సరిపోతుంది.

తెలుగువాళ్లకు మరో చిక్కుంది. డీడబ్ల్యూజీలో ఫాంటు ఉండదు, దాని పేరే ఉంటుంది. ‘అను’ ఫాంటులో టైపు చేసిన ‘వంటగది’, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో రాస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

మూసి ఉన్న ఆ అమరికను విప్పి చదవడానికి 1998లో కొన్ని సంస్థలు ఓపెన్‌డీడబ్ల్యూజీ అలయన్స్‌గా ఏర్పడ్డాయి. ఇవాళ ఇతర కంపెనీల ప్రోగ్రాములు చాలావాటిలో ఈ ఫైళ్లు తెరుచుకోవడానికి వాళ్ల కృషి పెద్ద కారణం. నా దృష్టిలో ఇది వాడేవాళ్లందరికీ జరిగిన మేలు.

2000లో రెవిట్ అనే మరో డిజైన్ ప్రోగ్రాం వచ్చింది. 2002లో ఆటోడెస్క్ దాన్ని కొనేసింది. ఆటోక్యాడ్ ప్లానులో గోడంటే రెండు గీతలు. రెవిట్‌లో గోడకు ఎత్తు, మందం, అందులోని తలుపు కూడా తెలుసు. కానీ కొత్త రెవిట్ ఫైలును పాత రూపంలోకి దించే వీలే లేదు. ఇలాంటి ప్రోగ్రాముల మధ్య ఇచ్చిపుచ్చుకోవడానికి, ఏ కంపెనీ సొత్తూ కాని ఐఎఫ్‌సీ అనే ఫైలు రూపం ఉంది; అది 2013లో ఐఎస్ఓ ప్రమాణమైంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను విరుచుకుపడిన మన ఉద్దానంలో కాగితం ప్లాను ఒక్కటే నమ్ముకోవడం నాకు నచ్చదు. రేపు మేడ మీద అంతస్తు వేయాలంటే ఇంజనీరుకు పిల్లర్ల కొలతలు కావాలి. అందుకే ప్లానుకు డబ్బు కట్టేటప్పుడే డీడబ్ల్యూజీ, డీఎక్స్ఎఫ్, పీడీఎఫ్ మూడూ అడిగి తీసుకోండి.