ఎఫ్రాయిము పాఠం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని కార్యదర్శిగారు కోరారు. అరకు చరిత్ర మన మిత్రులు చాలామంది రాసి ఉన్నారు గనుక, మన రాష్ట్రంలోనే ఉండి మనకంతగా తెలియని ఒక సంగతి విన్నవిస్తాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు.

ముందుగా యూదుల పారాయణ పద్ధతి చెప్పాలి. మోషే గ్రంథాలైదింటిని 54 పాఠాలుగా విభజించి, వారానికొకటి చొప్పున శనివారం చదువుతారు. ఏడాదికి సరిపోయేట్లు కొన్నింటిని జంటగా కలుపుతారు. సింహత్ తోరా పండుగనాడు చివరి అధ్యాయం ముగించి, ఆ పూటే ఆదికాండము మళ్ళీ ఎత్తుకుంటారు. పూర్వం హెబ్రీ తెలియని జనం కోసం ఒకరు పక్కన నిలబడి, వాడుకలోని అరమాయిక్ భాషలో వచనం వచనంగా అర్థం చెప్పేవారు. మన పురాణ కాలక్షేపం వంటిదే.

ఆదికాండములో ఆఖరి పాఠం పేరు 'వయెహి'. డిసెంబరు, జనవరి ప్రాంతంలో వస్తుంది. చూపు మందగించిన యాకోబు మనుమలిద్దరినీ దీవించబోతాడు. పెద్దవాడు మనష్షే తాత కుడిచేతికి అందేట్లు యోసేపు నిలబెడితే, తాత చేతులు అడ్డంగా మార్చి కుడిచేయి చిన్నవాడైన ఎఫ్రాయిము తలమీద పెడతాడు. కొడుకు సరిచేయబోయినా ఒప్పుకోడు. ఎందుకని? ఫ్రాన్సు పండితుడు రాషీ (1040–1105) చెప్పిన అర్థమిది: మనష్షే వంశంలో గిద్యోను పుడతాడని తాతకు తెలుసు, కాని దేశాన్ని పంచిపెట్టబోయే యెహోషువ పుట్టేది ఎఫ్రాయిము వంశంలో. నేటికీ శుక్రవారం సాయంత్రం యూదు తండ్రులు ఆ అన్నదమ్ములిద్దరి పేర్లతోనే కొడుకులను దీవిస్తారు.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరువారి చేతిలో ఉత్తర రాజ్యం పడిపోయి, ఎఫ్రాయిముతో సహా పది గోత్రాలు చెదిరిపోయాయి. కొత్తరెడ్డిపాలెంవారు తాము ఆ ఎఫ్రాయిము సంతతి అంటారు. కులానికి మాదిగలు, అంతకుముందు క్రైస్తవులు. 1990ల ఆరంభంలో సమాజమందిరం పెట్టుకున్నారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఏ గొడ్డుమాంసం పేరు చెప్పి ఊరు వారిని దూరం పెట్టిందో, దానినే వారు తమ ఇశ్రాయేలు పూర్వాచారానికి గుర్తుగా చెప్పుకుంటారు. వంశం మాట రుజువు కావడం కష్టమే గాని, ఈ వ్యాఖ్యానం మాత్రం రాషీకి తీసిపోదని నా అభిప్రాయం.

చిత్రమేమంటే మణిపూర్, మిజోరంలలో మనష్షే సంతతిమనేవారూ ఉన్నారు. 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ వారిని గుర్తించగా, వేలమంది అక్కడికి తరలిపోయారు. ఎఫ్రాయిమువారికి ఆ గుర్తింపు రాలేదు. ఈసారి తాత చేయి పెద్దవాడి తలమీదే ఉండిపోయింది.

అరకులో ధ్రువపత్రాలు రాసిన గుమాస్తాగా నాకు తోచే చిక్కు మరొకటి. మన కొండల్లో వాల్మీకి గాని, కొండదొర గాని ఏ మతం పుచ్చుకున్నా గిరిజనుడే; షెడ్యూల్డు తెగలకు మతం షరతు లేదు. షెడ్యూల్డు కులాలకు అలాకాదు. 1950 నాటి ఉత్తర్వు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం పుచ్చుకున్నవారికి మన రాష్ట్రంలో బీసీ-సి ఉంది. యూదులకు ఏ గడీ లేదు. శుక్రవారం కొడుకును ఎఫ్రాయిము పేరిట దీవించిన తండ్రి, సోమవారం కాలేజీ దరఖాస్తులో మతం ఎదుట ఏమి రాయాలో ఆలోచించుకోవాలి.