మన ఊరి నుంచి నాగార్జునకొండ దాకా

చరిత్ర చూడాలంటే హంపికో అజంతాకో పోవాలని అనుకుంటాం. మాడుగులపల్లిలో పొద్దున్నే చాయ్ తాగి కారెక్కితే రెండు రోజుల్లో పద్దెనిమిది వందల ఏండ్ల చరిత్ర చూసి ఇంటికి రావచ్చు. మన బడిలో చదివి దేశవిదేశాల్లో స్థిరపడిన మిత్రులు ఈసారి సెలవులకు వచ్చినప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని ఈ దారిన వెళ్లాలని ఇది రాస్తున్నాను.

మొదటి రోజు నల్లగొండ వైపు. పట్నం పక్కనే ఉన్న పానగల్లు ఒకప్పుడు కందూరు చోళుల రాజధాని. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం త్రికూటం, అంటే ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. అందులో ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. వెలుతురు పలు దిక్కుల నుంచి లోపలికి వచ్చేలా స్తంభాలను అమర్చడంలో ఉన్న నేర్పు అది. గుడి చూశాక ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లండి. ఉదయ చోడుని పేరున్న ఆ చెరువు ఈనాటికీ పనిలో ఉంది. కృష్ణా నీళ్లను అందులో నిలవ చేసి వాడుకుంటున్నాం. ఇంజనీరుగా నాకు గుడి కన్నా ఆ కట్టే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

అక్కడి నుంచి సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల ఊరు. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయం కట్టించాడు. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో ఎరకేశ్వరాలయం కట్టించింది. నున్నగా మెరిసే నల్లరాతి స్తంభాల మీది చెక్కడం చూస్తే రామప్ప గుర్తుకు వస్తుంది. రామప్ప కట్టించినదీ రేచర్ల వంశం వారే.

సాయంత్రానికి ఫణిగిరి. నాగారం మండలంలోని ఈ కొండ మీద స్తూపం, చైత్యాలు, విహారాలు ఉన్నాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం ఇక్కడే దొరికింది. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలిచాయి. 2024లో ఒక మట్టి కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. రాత్రికి సూర్యాపేటలో బస.

ఫణిగిరి శాసనంలోని ఆ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. రెండో రోజు ప్రయాణం అక్కడికే. మిర్యాలగూడ, నిడమనూరు, హాలియా మీదుగా సాగర్ చేరాలి. దారి పొడవునా ఎడమ కాలువ నీటితో పండే వరి పొలాలు. డ్యాముకు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ రైస్ మిల్లులు, కోదాడ పొలాలు, మనలో చాలామంది చదువుల ఫీజులు ఆ నీళ్ల పుణ్యమే.

ఆ నీళ్ల అడుగున విజయపురి ఉంది. మూడు వైపుల కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న లోయ అది. అక్కడి రాజులు వైదిక యజ్ఞాలు చేశారు. వారి ఇంటి ఆడవాళ్లు బౌద్ధ స్తూపాలకు దానాలిచ్చారు. శాంతమూలుని సోదరి శాంతిసిరి మహాచైత్యాన్ని పునరుద్ధరించింది. బోధిసిరి అనే ఉపాసిక శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశాల పేర్లు కనిపిస్తాయి. తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలూ దొరికాయి.

డ్యాము పని మొదలయ్యే వేళకు పురావస్తు శాఖ లోయలోకి దిగింది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన కట్టడాలను విప్పి, కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో మళ్లీ నిలబెట్టారు. ఆ కొండే ఇప్పటి నాగార్జునకొండ ద్వీపం. ఆంధ్రప్రదేశ్ వైపున్న విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. ద్వీపంలో మ్యూజియం, మహాచైత్యం, రాతి స్నానఘట్టం చూడవచ్చు. అనుపులో నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలం తప్పక చూడాలి. గ్రీకు, రోమన్ రంగస్థలాలను తలపించే ఇలాంటి కట్టడం మన దేశంలో అరుదు. రాళ్లను విప్పి మళ్లీ పేర్చగలిగారు. లోయలోని పల్లెల వాళ్లు మాత్రం ఇల్లూ వాకిలీ వదిలి కదలాల్సి వచ్చింది. మన పంట వెనుక వాళ్ల త్యాగం ఉందని పిల్లలకు చెప్పాలి.

ఇంతకూ ఈ లోయ సంగతి లోకానికి ఎట్లా తెలిసింది? 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పాత రాతి స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన శాఖ నుంచి ఎ.ఆర్. సరస్వతి వచ్చి చూశారు. మరుసటి ఏడాది లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు మొదలుపెట్టారు. డ్యాము కట్టే నాటికి అక్కడ ఏముందో తెలిసి ఉంది కాబట్టే కాపాడేందుకు మనుషులు, డబ్బు వచ్చాయి. ఆ పంతులుగారు ఆ రాయిని చూసీ చూడనట్టు పోయి ఉంటే నీళ్లు ముందు వచ్చేవి.

మన పల్లెల్లోనూ గుడి వెనుక వీరగల్లులు, చెరువు కట్ట కింద అక్షరాలున్న బండలు ఉంటాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, చెరువు పూడిక తీసేటప్పుడు జేసీబీ ముందు పడేవి అవే. ఆ పనులు చేయించే మావంటి ఇంజనీర్లు ఒక్క నిమిషం ఆగి చూడాలి. రాయిని కదపకుండా ఫొటో తీసి, ఊరి పేరు, చోటు, తేదీ రాసి వారసత్వ శాఖకు పంపితే చాలు.

స్వర్ణోత్సవ సందర్భంగా మన సంఘానికి నాదొక విన్నపం. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ యాత్ర కోసం ఒక బస్సు ఏర్పాటు చేద్దాం. తిరిగొచ్చాక ఒక్కొక్కరు తమ ఊరిలోని ఒక పాత రాయి గురించి నోటుబుక్కులో ఒక పేజీ రాయాలి. సోషల్ సార్లు ఆ పేజీలను బడిలో భద్రపరిస్తే, పదేండ్లలో మన చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర మన బడి లైబ్రరీలోనే ఉంటుంది.