బార్ హార్బర్‌లో వేసవి సెలవులు

డిగ్రీ కళాశాల ప్రయోగశాలలో ఉల్లి వేరు కొనను గాజు పలక మీద నలిపి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెడితే కణ విభజన దశలు కనిపించాలి. కనిపించకపోయినా రికార్డులో బొమ్మ మాత్రం వేస్తాం. జవాబు ముందే పుస్తకంలో ఉంది కదా! మరి జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నను 19 ఏళ్ల విద్యార్థి చేతిలో పెడితే? అమెరికాలో కొన్ని జీవశాస్త్ర ప్రయోగశాలలు వేసవి సెలవుల్లో సరిగ్గా ఈ పనే చేస్తూ వచ్చాయి. ఆ కథ తెలుసుకుందాం.

వేసవిలోనే ఎందుకంటే, అప్పుడు అక్కడ కళాశాలలు మూసి ఉంటాయి, ఆచార్యులకు పాఠాలు ఉండవు. ఈశాన్య సముద్ర తీరం చల్లగా ఉంటుంది. పరిశీలించడానికి సముద్ర జీవులూ దొరుకుతాయి. 1873లో లూయీ అగసీ పెనికీస్ అనే చిన్న దీవిలో ఉపాధ్యాయుల కోసం వేసవి బడి పెట్టాడు. 1888లో వుడ్స్ హోల్‌లో సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల వెలిసింది.

ఈ వరుసలో చెప్పుకోవలసిన మరో మనిషి క్లారెన్స్ కుక్ లిటిల్. 1909లో, హార్వర్డులో ఇంకా డిగ్రీ విద్యార్థిగా ఉండగానే, అతను చిట్టెలుకలలో తోబుట్టువులను తరం తర్వాత తరం జతకట్టించడం మొదలుపెట్టాడు. అలా చేస్తూ పోతే ఆ వంశంలోని ఎలుకలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకే అచ్చులో పోసినట్లు తయారవుతాయి. రెండు ఎలుకల మధ్య తేడా మందు వల్ల వచ్చిందా, పుట్టుకతో వచ్చిందా అన్న సందేహం అప్పుడు ఉండదు. ఒక డిగ్రీ విద్యార్థి మొదలుపెట్టిన ఆ వంశం నేటికీ ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది.

1922లో లిటిల్ మెయిన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. 1924 వేసవిలో కొందరు విద్యార్థులను మౌంట్ డెజర్ట్ దీవికి తీసుకుపోయి గుడారాలు వేయించాడు. ఆ దీవిలోని బార్ హార్బర్ ఊళ్లోనే 1929లో జాక్సన్ ప్రయోగశాలను స్థాపించాడు. వేసవి విద్యార్థుల ఆనవాయితీ కూడా దానితోపాటే స్థిరపడింది. (ఇదే లిటిల్ 1954లో పొగాకు కంపెనీల పరిశోధనా సంఘానికి శాస్త్ర సంచాలకుడై, పొగతాగడానికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ఒప్పుకోకుండా కాలం గడిపాడు. మంచి సంస్థను కట్టిన చేయి ప్రతి పనినీ మంచిగానే చేస్తుందని లేదు.)

1950ల నాటికి అక్కడికి ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడా వచ్చేవారు. వారిలో ఒకడు ఫిలడెల్ఫియా కుర్రాడు హోవర్డ్ టెమిన్. అతను మళ్లీ మళ్లీ వచ్చాడు. 1955 వేసవికి స్వార్త్‌మోర్ కళాశాలలో డిగ్రీ పూర్తి చేసి, చిన్నవారికి దారి చూపించే పెద్ద విద్యార్థిగా ఉన్నాడు. ఆ ఏడాది వచ్చిన కొత్తవారిలో డేవిడ్ బాల్టిమోర్ ఉన్నాడు. వయస్సు 17. తర్వాత అతనూ స్వార్త్‌మోర్‌లోనే చేరాడు.

1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికా ప్రభుత్వం విజ్ఞాన విద్య మీద డబ్బు ధారాళంగా పోసింది. ఆ ఊపులోనే 1959లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల డిగ్రీ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా వేసవి పరిశోధన కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. మొదటి జట్టులోనే బాల్టిమోర్ ఉన్నాడు. జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రజ్ఞుడి దగ్గర పనిచేశాడు. తనను అణు జీవశాస్త్రం వైపు నడిపించింది ఆ వేసవేనని తర్వాత స్వయంగా చెప్పుకున్నాడు.

ఇక టెమిన్ కథ. అతను కోళ్లలో క్యాన్సర్ కలిగించే రౌస్ వైరస్‌ను పట్టుకున్నాడు. ఆ వైరస్‌లో ఉండే జన్యు పదార్థం ఆర్.ఎన్.ఎ. జీవకణంలో సమాచారం డి.ఎన్.ఎ. నుంచి ఆర్.ఎన్.ఎ.కు, దాని నుంచి ప్రోటీనుకు పోతుందని అప్పటి పాఠం. అయితే డి.ఎన్.ఎ. నుంచి ఆర్.ఎన్.ఎ. తయారు కాకుండా ఆపే మందు ఒకటుంది. దాన్ని వేస్తే ఈ వైరస్ కూడా ఆగిపోతోంది! ఆర్.ఎన్.ఎ. వైరస్‌కు డి.ఎన్.ఎ.తో పనేమిటి? ఈ వైరస్ తన ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా తిరగరాసి ఆతిథేయి కణంలో దాచుకుంటుందని టెమిన్ 1964లో ప్రతిపాదించాడు. నమ్మినవాళ్లు తక్కువ. ఆరేళ్లు అలాగే గడిచాయి.

బాల్టిమోర్ వేరే దారిలో వచ్చాడు. కొన్ని ఆర్.ఎన్.ఎ. వైరస్‌లు తమకు కావలసిన ఎంజైమును తమతోనే మోసుకువస్తాయని అతనికి తెలుసు. మరి క్యాన్సర్ వైరస్‌లో ఏ ఎంజైము ఉంది? వెదికాడు. ఆర్.ఎన్.ఎ. నుంచి డి.ఎన్.ఎ.ను తయారుచేసే ఎంజైము దొరికింది. అదే సమయంలో టెమిన్, సతోషి మిజుతాని కలిసి అదే ఎంజైమును కనుగొన్నారు. రెండు వ్యాసాలూ 1970 జూన్ 27 నాటి ‘నేచర్’ సంచికలో పక్కపక్కనే అచ్చయ్యాయి. ఆ ఎంజైమే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్. 1975లో వీరిద్దరికీ, టెమిన్ గురువు రెనాటో డల్బెకోకూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ విందు సభలో టెమిన్, క్యాన్సర్‌ను అరికట్టే దారి తెలిసి కూడా జనం సిగరెట్టు మానకపోవడం మీద తన ఆగ్రహాన్ని దాచుకోలేదు. లిటిల్ స్థాపించిన చోట పాఠం నేర్చిన కుర్రాడు మరి!

2020లో ముక్కులోంచి నమూనా తీసి చేసిన కరోనా పరీక్షలో మొదటి అడుగు ఈ ఎంజైముదే. వైరస్ ఆర్.ఎన్.ఎ.ను అది డి.ఎన్.ఎ.గా మారుస్తుంది. ఆ తర్వాతే దాన్ని కోట్ల ప్రతులుగా పెంచి చూడగలం.

వేసవి శిబిరం లేకపోతే ఈ ఇద్దరూ శాస్త్రజ్ఞులు కాకపోయేవారా? అలా అనలేం. ఇద్దరూ చదువు విలువ తెలిసిన ఇళ్ల పిల్లలు, మంచి కళాశాలలో చదివారు. అసలు చిక్కు అక్కడే ఉంది. దారి ఎలాగూ దొరికేవారికే దారి చూపిస్తే కొత్తగా ఒరిగేదేమిటి? 1987లో అమెరికా జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానం డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు కొత్త పథకం పెట్టినప్పుడు, ప్రయోగశాలల వసతి లేని కళాశాలల నుంచి కూడా విద్యార్థులను తీసుకురావాలన్న ఆలోచన అందులో చేరింది.

మన దేశంలో బెంగుళూరులోని భారత విజ్ఞాన అకాడమీ 1995లో వేసవి పరిశోధన ఫెలోషిప్పులు మొదలుపెట్టింది. 2007 నుంచి ఢిల్లీ, అలహాబాదు అకాడమీలు కూడా చేయి కలిపాయి. ఎంపికైన విద్యార్థి రెండు నెలల పాటు ఏదో ఒక శాస్త్రజ్ఞుడి దగ్గర, భృతి తీసుకుంటూ పనిచేస్తాడు. జీవశాస్త్రం వారు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. వంటి చోట్లకు పోవచ్చు. మనకు ఇది చల్లని సముద్ర తీరం కాదు, మే నెల ఎండ. మొదటి మూడు వారాలు పిపెట్టు పట్టడం, ద్రావణాలు కలపడంతోనే సరిపోతాయి. మిగిలిన అయిదు వారాల్లో ఫలితం తేలకపోవచ్చు. అయినా చివర నివేదిక రాయాలి.

ఈ ఫెలోషిప్పులకు ప్రకటన వేసవికి చాలా ముందే వస్తుంది. దరఖాస్తుతోపాటు తానేం చేయదలచుకున్నాడో విద్యార్థి చిన్న వ్యాసం రాయాలి, అధ్యాపకుడు సిఫారసు లేఖ ఇవ్వాలి. శ్రీకాకుళంలోనో ఆదిలాబాదులోనో బి.ఎస్సీ. చదివే అమ్మాయికి ఆ ప్రకటన గురించి చెప్పేవారు ఆ కళాశాలలో ఒక్కరైనా ఉండాలి. గడువు దాటకముందే చెప్పాలి.