విజువల్ బేసిక్‌లో అక్షర పరీక్ష: తెలుగు చరిత్ర

గత భాగంలో స్ట్రింగ్‌లను గురించి చదివారు. స్ట్రింగ్‌లోని ఒక్కొక్క క్యారెక్టరు అక్షరమా, అంకెనా, మరో గుర్తా అని ప్రోగ్రాము ఎలా తేల్చుకుంటుందో, ఆ పద్ధతి కాలక్రమంలో ఎలా మారిందో ఇప్పుడు తెలుసుకుందాం.

మీలో కొందరు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో, అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లోనో పోటీ పరీక్షలకు చదువుతూ ఉండవచ్చు. నారాయణగూడలో ఏదో ఒక ఇంటర్నెట్ కేంద్రంలో దరఖాస్తు నింపి ఉండవచ్చు. పేరు గడిలో పొరపాటున అంకె పడితే కంప్యూటరు ఒప్పుకోకపోవడానికి కారణం ఈ పరీక్షే. అదే గడిలో పేరును తెలుగులో రాస్తే ఏమవుతుంది?

మొదటి దశ: 1991లో మైక్రోసాఫ్ట్ సంస్థ విజువల్ బేసిక్‌ను విడుదల చేసింది. ఇందులో 'ఆస్క్' ఫంక్షన్ క్యారెక్టరు సంకేత సంఖ్యను ఇస్తుంది. 65 నుంచి 90 వరకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, 97 నుంచి 122 వరకు చిన్న అక్షరాలు, 48 నుంచి 57 వరకు అంకెలు. ప్రోగ్రాము రాసేవారు ఈ హద్దులతోనే పోల్చి చూసేవారు. అప్పటి తెలుగు డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షర భాగాలను ఉంచాయి. అందువల్ల తెరపై తెలుగు కనిపించినా ప్రోగ్రాముకు అందినవి ఇంగ్లీషు సంఖ్యలే.

రెండవ దశ: 1991లోనే వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించింది. 1995 నాటి విజువల్ బేసిక్ 4 (32 బిట్) స్ట్రింగ్‌లను యూనికోడ్‌లో దాచుకుంది. అయినా తెలుగు 'త'ను ఆస్క్‌కు ఇస్తే సాధారణంగా 63, అంటే ప్రశ్నార్థకం, వచ్చేది. 'ఆస్క్‌డబ్ల్యూ' మాత్రం సరైన 3108 ఇచ్చేది.

మూడవ దశ: 2002లో వచ్చిన విజువల్ బేసిక్ డాట్‌నెట్‌లో 'చార్ డాట్ ఈజ్‌లెటర్' యూనికోడ్ వర్గీకరణను అనుసరిస్తుంది. 'త' అక్షరమేనని ఒప్పుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న మాత్రం ఆ వర్గీకరణలో అక్షరాలు కావు, 'మార్కులు'. 'తెలుగు' అనే మాటలో ఆరు క్యారెక్టర్లున్నాయి: త, ల, గ అక్షరాలు, ఎత్వం, రెండు కొమ్ములు మార్కులు. 'అన్నీ అక్షరాలే ఉండాలి' అని నియమం పెడితే 'తెలుగు' అనే మాటే తిరస్కరణకు గురవుతుంది.

అంకెల్లోనూ ఇటువంటి చిక్కే ఉంది. 'ఈజ్‌డిజిట్' తెలుగు అంకె ౫ను అంకెగా గుర్తిస్తుంది. దాన్ని సంఖ్యగా మార్చే 'ఇంటిజర్ డాట్ పార్స్' మాత్రం అంగీకరించదు.

దీన్నిబట్టి మీరు గ్రహించవలసింది ఒకటుంది. ఏది అక్షరమో నిర్ణయించే పట్టికను ఎవరో, ఎప్పుడో, ఏదో ఒక లిపిని దృష్టిలో పెట్టుకొని తయారుచేశారు. తెలుగు పేర్లు స్వీకరించే ఫారం మీరు రూపొందిస్తే, అక్షరాలతోపాటు మార్కులనూ అనుమతించండి. లేకపోతే సొంత పేరును సరిగా రాసుకున్న అభ్యర్థికే 'పేరు తప్పు' అనే సందేశం వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 'రాము' అనే పేరులో క్యారెక్టర్లు ఎన్ని? వాటిలో ఈజ్‌లెటర్ అంగీకరించేవి ఎన్ని?
2. డీటీపీ ఫాంటుతో టైపు చేసిన తెలుగును మొదటి దశ పరీక్ష ఎందుకు గుర్తించలేకపోయింది?