భక్తియు, ఖజానా లెక్కయు

శీలమే ధర్మమునకు మూలమని పెద్దలు చెప్పగా, రెండు సుగుణములు ఎదురుపడినపుడు ఏది గ్రాహ్యమని ఆక్షేపించువారు కలరు. మన చర్లకు దిగువన, గోదావరీతీరమందలి భద్రాచలమే ఇందుకు ఉదాహరణము.

తానీషా పాలనలో (1672–1687) పాల్వంచ పరగణా తహసీల్దారైన కంచర్ల గోపన్న పన్నుల సొమ్ముతో రామాలయమును కట్టించి, గోలకొండ కోటలో బందీ అయ్యెను. భక్తి గొప్పదా, కొలువునందలి ఋజుత్వము గొప్పదా?

సంప్రదాయకథనే మేము సాక్షిగా నిలుపుచున్నాము. రామలక్ష్మణులు ఆరు లక్షల పైకము చెల్లించి రసీదు గైకొనిన పిమ్మటనే గోపన్నకు విముక్తి కలిగెనట. అనగా భక్తి ఋణమును మాపలేదు. సొమ్ము సర్కారుకు ముట్టవలసినదేనని ఆ కథను చెప్పుకొనిన భక్తులే ఒప్పుకొనిరి. గోపన్నయు తన కీర్తనలో స్వామి నగల ఖరీదును ఒక్కొక్కటిగా లెక్కచెప్పెను.

నడవడియందు సందేహము కలిగినపుడు విచారశీలురు, కాఠిన్యము లేనివారు, ధర్మకాములు నగు పెద్దలు నడచునట్లు నడువుమని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి బోధించును. అట్టివారియందు ఒక గుణము మరియొక గుణమును త్రోసివేయదు. ఒకటి తప్పుదారి పట్టకుండ మరియొకటి కాపాడును.

కావున దేవుని పనికై ఇతరుల సొమ్మును చేతబట్టినవారికి లెక్క చూపుటయు పూజయే యని మా మనవి. శుభమస్తు.