అటా, ఇటా?

క్రీ.పూ. 6వ శతాబ్ది ఆరంభంలో ఏథెన్స్‌కు సోలన్ చేసిన చట్టాల్లో ఒకటి విచిత్రమైనది. ఊళ్లో అంతఃకలహం రేగినప్పుడు ఏ పక్షానా ఆయుధం పట్టనివాడికి పౌరహక్కులు పోతాయి. అరిస్టాటిల్ పేరిట ఉన్న ‘ఏథెన్స్ రాజ్యాంగం’ ఈ సంగతి చెబుతుంది. ఎవరు గెలిస్తే నాకేమిటని ఇంట్లో కూర్చునేవాళ్లంటే సోలన్‌కు గిట్టలేదట. ఇప్పటి నాయకులు మైకు ముందు గద్దించి అడిగేదాన్ని ఆయన ఏకంగా శాసనమే చేశాడు.

రసవత్తరమైన ఘట్టం మాత్రం రోమ్‌లోది. క్రీ.పూ. 46 నాటికి అంతర్యుద్ధంలో పాంపే పక్షం ఓడింది, సీజర్ గెలిచాడు. ఓడినవాళ్ల వైపు నిలిచిన లిగారియస్ తరఫున సిసిరో సాక్షాత్తూ సీజర్ ఎదుటే వాదించాడు. సిసిరో కూడా పాంపే మనిషే! మాతో లేనివాళ్లందరినీ మేం శత్రువులన్నాం, మీకు ఎదురు తిరగనివాళ్లందరినీ మీరు మీవాళ్లన్నారు, ఇది మీ నోటి మాటే కదా అని గుర్తుచేశాడు. వకాల్తాలో పొగడ్త కలిస్తే ఇంక చెప్పేదేముంది, లిగారియస్‌కు క్షమాభిక్ష దొరికింది.

సువార్తల్లోనూ ఈ మాట రెండు విధాలుగానూ ఉంది: మత్తయిలో నాతో లేనివాడు నాకు విరోధి అని, మార్కులో దానికి తలకిందులుగా.

ఉదారంగా వినబడే ఆ రెండో మాట పాలకుల నోట సాధారణంగా గెలిచాకే వస్తుంది. హంగరీలో 1956 తిరుగుబాటును సోవియట్ ట్యాంకులు అణిచాక గద్దెనెక్కిన కాదార్ హయాంలో వందలమందిని ఉరితీశారు. మాకు వ్యతిరేకం కానివాళ్లు మావాళ్లేనని ఆయన అన్నది ఆ తరవాత, 1961లో. అప్పటికి నోరెత్తేవాళ్లెవరు మిగిలారు?

మొదటి మాట గురి మాత్రం శత్రువు మీద కాదు. శత్రువు ఎటున్నాడో అడిగేవాడికి ముందే తెలుసు. భయపెట్టాల్సింది మధ్యనున్నవాణ్ణే. 1955లో బాండుంగ్‌లో జరిగిన సదస్సులో నెహ్రూ ఏ కూటమిలోనూ చేరబోమన్నాడు. మరుసటి ఏడాది అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, తటస్థత అనైతికమని తేల్చేశాడు.

2001 సెప్టెంబరు 20న అమెరికా అధ్యక్షుడు బుష్ ప్రపంచ దేశాలన్నిటినీ మా వైపా, ఉగ్రవాదుల వైపా అని నిలదీశాడు. అఫ్ఘానిస్తాన్‌లో అమెరికాతో నడిచిన ఫ్రాన్స్, జర్మనీలు 2003లో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించాయి. ఆ జూలైలో, ఇరాక్‌కు సైన్యాన్ని పంపమన్న అమెరికా అభ్యర్థనను వాజ్‌పేయి ప్రభుత్వం కాదంది.